యాప్‌లో మూడు లక్షల వ్యూస్, పుస్తకం వేస్తే 87 కాపీలు. ఎక్కడ తేడా కొట్టింది?

గోదారి_వాణి

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమీ అనుకోకండి. నేను భీమవరం దగ్గర ఒక ఊళ్ళో టీచర్‌ని. రెండేళ్ళ కిందట ఒక కథల యాప్‌లో (పేరెందుకులెండి) రోజుకో భాగం చొప్పున నవల రాశాను. మొత్తం 64 భాగాలు. మూడు లక్షల వ్యూస్ దాటాయి. రోజూ పొద్దున లేవగానే కామెంట్లు, "అక్కా నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు", "మేడమ్ హీరోని చంపకండి ప్లీజ్". ఆ ఊపులో మా ఆయన్ని ఒప్పించి పుస్తకం వేయించాను. 412 పేజీలు, 300 కాపీలు, కాపీకి 160 పైనే పడింది, వెల 350 పెట్టాం. ఏడాది అయ్యింది. అమ్ముడైనవి 87, అందులో మా స్టాఫ్‌రూమ్ వాళ్ళే 20 మంది. మిగతా పెట్టెలు మంచం కింద ఉన్నాయి, మా అత్తగారు ఊడ్చినప్పుడల్లా చీపురు వాటికి కొట్టుకుంటుంది, ఆ చప్పుడు నాకే వినపడేలా కొడతారేమో అని అనుమానం కూడా.

మూడు లక్షల్లో నూటికి ఒక్కరు కొన్నా మూడు వేలు కదా అనుకున్నాను. లెక్క ఎక్కడ తప్పింది?

ముక్కుసూటి

వ్యూస్ అంటే మనుషులు కాదమ్మా. 64 భాగాలు, మూడు లక్షలు, అంటే భాగానికి సగటున 4,700 సార్లు తెరిచారు. మొదటి భాగానికి ఇరవై వేలు, ఆఖరి దానికి రెండు వేలు ఉండి ఉంటాయి. చూసి చెప్పండి.

గోదారి_వాణి

చూశాను. మొదటిది 19 వేల చిల్లర, 64వది 2,310. మీరేమైనా జ్యోతిష్యం చెప్తారా?

అద్దెపుస్తకాలబ్బాయి

వాణి గారూ, మా నాన్న తెనాల్లో అద్దె పుస్తకాల షాపు నడిపేవాడు, 80ల్లో, 90ల మొదట్లో. నేను స్కూలు నుంచి వచ్చి కౌంటర్లో కూర్చునేవాణ్ణి. కాబట్టి మీ లెక్క నాకు అస్సలు వింతగా లేదు.

అప్పట్లో ఒక నవల వచ్చిందంటే మా షాపులో రెండు కాపీలు కొనేవాళ్ళం, బాగా ఆడే రచయిత్రి అయితే నాలుగు. రాగానే అట్టకి గోధుమరంగు కాగితం వేసి, దారంతో మళ్ళీ కుట్టి, లోపల తేదీలు వేసే చీటీ అతికించేవాళ్ళం. ఒక్కో కాపీ వంద చేతులు మారేది. పుస్తకం చివరికి అప్పడంలా అయిపోయేది. ఆ వంద మందిలో ఆ నవల సొంతంగా కొన్నవాళ్ళు ఒక్కరైనా ఉంటారా అంటే అనుమానమే. కానీ ప్రచురణకర్తకి ఊరికో పది షాపులు, ప్రతి జిల్లాలో అన్ని ఊళ్ళు. నవలలు కొన్నది ఎక్కువగా మాలాంటి వాళ్ళమే, చదివినవాళ్ళు కాదు. అంటే తెలుగు నవల పాఠకుడు ఎప్పుడూ అద్దెకే చదివాడండీ, ఇప్పుడు కొత్తగా చెడిపోయిందేం లేదు.

మీ యాప్ ఉంది చూశారూ, అది పుస్తకాల షాపు కాదు, మా నాన్న షాపు. మీరేమో మా షాపు ముందు లైన్లో నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టి అంతమందీ కొనేస్తారనుకున్నారు.

ఇంకో తమాషా. ఆ పుస్తకాల మార్జిన్లలో పెన్సిల్‌తో రాసేవాళ్ళు. "ఈ పేజీ తర్వాత ఏడుస్తారు", "విలన్ వీడే" అని మూడో పేజీలోనే ఒకడు రాసి చచ్చాడు, మా నాన్న రబ్బరుతో చెరుపుతూ తిట్టేవాడు. కామెంట్ సెక్షన్ అంటే మాకు అదే.

చిన్నక్క_కరీంనగర్

నేను చదివే దాన్ని, రాసే దాన్ని కాదు. పిల్లలు పడుకున్నంక రాత్రి పదిన్నరకు ఫోన్ బ్రైట్‌నెస్ తక్కువ చేసుకొని రోజూ మూడు నాలుగు సీరియల్స్ చదువుత. వాణి అక్కా, మీది కూడా చదివిననేమో తెల్వదు, ఎందుకంటే నిజం చెప్తున్న, రాసినోళ్ళ పేరు గుర్తుండదు. కథ పేరు కూడా ఉండదు. "ఆ డాక్టర్ది", "ఆ కలెక్టర్ భార్యది" అని గుర్తుంటది.

పుస్తకం ఎందుకు కొనలేదంటే, కొంటే ఎప్పుడు చదవాలె? లైట్ వేస్తే ఆయన లేస్తడు. ఇంకోటి, మా అత్తమ్మ ముందట పుస్తకం పట్టుకొని కూసుంటే పని లేనట్టు కనిపిస్తది, ఫోన్ పట్టుకుంటే ఎవ్వరూ ఏమనరు, అందరూ పట్టుకుంటరు కదా. ఇదేదో చిన్న విషయం అనుకోకండ్రి.

పైసలు పెట్టి కూడా చదివిన. రేపటి భాగం ఇయ్యాలనే కావాలంటే కాయిన్స్ అడుగుతది. ఒకసారి ఒక కథకు నూట ఎనభై దాకా అయినయి, ఆఖరికి ఆ రచయిత్రి కథ మధ్యల ఆపేసింది. పుస్తకం అయితే మధ్యల ఆగది, ఆ ఒక్కటి ఒప్పుకుంట.

సశేషం

నేను 1982 నుంచి 94 దాకా వారపత్రికల్లో సీరియల్స్ రాశాను. పేరు చెప్పను, చెప్పినా మీలో ఎవరికీ తెలియదు, మీ అమ్మలకి తెలుస్తుంది.

చిన్నక్క "రాసినవాళ్ళ పేరు గుర్తుండదు" అన్న మాట గుచ్చుకుంది. మా రోజుల్లో పేరుతోనే అమ్మేవాళ్ళు. కవరు మీద పేరు, పోస్టర్ మీద పేరు, లోపల బొమ్మ పక్కన పేరు. సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచుకుని, అయిపోయాక బైండు చేయించుకుని, పెళ్ళయ్యాక అత్తారింటికి పట్టుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఒకావిడ ఏలూరు నుంచి నా దగ్గరికి అలాంటి బైండు పుస్తకం మీద సంతకానికి వచ్చింది. ఒక వారం పేజీలు దొరకలేదట, ఆ భాగాన్ని ఎవరి దగ్గరో చూసి నోట్‌బుక్ కాగితాల మీద చేత్తో రాసి మధ్యలో కుట్టించింది. సంతకం అచ్చు పేజీ మీద పెట్టబోతే, "కాదండీ, నేను రాసిన పేజీ మీద పెట్టండి" అంది.

అయితే మేమేదో స్వేచ్ఛగా రాశామనుకోకండి. వారానికి ఇరవై అరఠావులు, బుధవారానికి చేరాలి. బొమ్మ వేసే ఆయనకి సన్నివేశం ముందే చెప్పాలి కాబట్టి ఒక్కోసారి బొమ్మ వచ్చేశాక కథ దానికి సరిపోయేలా మార్చేదాన్ని. ఉత్తరాలు బాగా వస్తుంటే "మరో ఆరు వారాలు పెంచండి" అని కబురు, రాకపోతే "మూడు వారాల్లో ముగించండి". ఒక నవలలో అలా ముగించడానికి హీరోయిన్ అన్నని లారీ కింద పడేశాను. ఇప్పటికీ వాడికి అన్యాయం చేశాననే ఉంటుంది.

తర్వాత 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. మధ్యాహ్నం నిద్రపోకుండా నన్ను చదివేవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. మమ్మల్ని కంప్యూటరేమీ చంపలేదమ్మా, రిమోట్ చంపింది.

ముక్కుసూటి

అసలు తెలుగు నవలే ముక్కలుగా పుట్టింది. కందుకూరి వారి రాజశేఖర చరిత్రము 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో భాగాలుగా వచ్చి 1880లో పుస్తకమైంది. కాబట్టి "రోజుకో భాగం వల్ల సాహిత్యం పాడైపోతోంది" అని ఎవరూ మొదలుపెట్టకండి దయచేసి.

పేజీమేకర్_బాబు

పాడవ్వలేదు కానీ మారింది సార్. నేను చూస్తున్నా కదా. బెజవాడలో డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు తయారుచేసే పని), 28 ఏళ్ళ సర్వీసు. లెటర్‌ప్రెస్ చివరి రోజుల్లో మా బాబాయి దగ్గర కంపోజింగ్ నేర్చుకున్నా, సీసం అక్షరాలు ఒక్కొక్కటీ గళ్ళలోంచి ఏరి పేర్చడం. తెలుగుకి వత్తులూ గుణింతాలూ కలిపి గళ్ళు అన్నీ ఇన్నీ కాదు. ఒక ఫారం (ఒకేసారి అచ్చేసే కొన్ని పేజీలు) అచ్చయ్యాక టైపు విప్పేసి మళ్ళీ గళ్ళలో వేసెయ్యాల్సిందే, లేకపోతే తర్వాతి ఫారానికి అక్షరాలు చాలవు. అందుకే రెండో ముద్రణ అంటే మళ్ళీ మొదటి నుంచి పేర్చడం. అందుకే వెయ్యి కాపీలకి తక్కువ ఎవరూ వేసేవారు కాదు, వేసినవి అమ్మాలి కాబట్టి ప్రచురణకర్త వందసార్లు ఆలోచించి ఒప్పుకునేవాడు. ఇప్పుడు ఫైల్ ఇస్తే డిజిటల్ మెషిన్‌లో 30 కాపీలైనా వేస్తారు. ఆలోచించే మనిషి పోయాడు. అచ్చుకి ముందు మీ నవల చదివిందెవరు వాణి గారూ? ప్రూఫులు చూసిన వాళ్ళు కాకుండా?

గోదారి_వాణి

ఎవరూ లేరండి. ప్రూఫులు నేనే చూశాను. డీటీపీ కూడా చేయించలేదు, యాప్‌లోంచి కాపీ చేసి వర్డ్‌లో పెట్టి ఇచ్చాను.

పేజీమేకర్_బాబు

అదీ సంగతి. ఒక్క పని చేయండి. మీ పుస్తకం మీరే ఒక పెన్ను పట్టుకుని ఒక ఆదివారం కూర్చుని మొత్తం చదవండి. మధ్యలో ఫోన్ ముట్టుకోకుండా. తర్వాత వచ్చి చెప్పండి.

చిన్న_ప్రచురణ

హైదరాబాద్‌లో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. పైన బాబు గారు "ఆలోచించే మనిషి" అన్నారు, ఆ మనిషి బతకాలంటే లెక్కలు ఎలా ఉంటాయో కూడా వినండి. షాపుకి నలభై శాతం పోతుంది. ఆన్‌లైన్ ఆర్డర్లకి పోస్టు ఖర్చు. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఉన్నంతకాలం మాలాంటి వాళ్ళం దాని మీదే బతికాం, 2024 డిసెంబర్‌లో అది ఎత్తేశారు. రెండొందల పుస్తకానికి పంపే ఖర్చు చెప్తే పాఠకుడు "పీడీఎఫ్ ఉందా అండీ" అంటాడు. ఉంటుంది కూడా, మేం పెట్టకపోయినా టెలిగ్రామ్‌లో ఎవడో పెట్టి ఉంటాడు. మొన్న మా పుస్తకమే నాకు వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయింది, "మంచి పుస్తకం సార్, చదవండి" అని.

ఈబుక్ చేద్దామంటే ఇంకో కథ. అమెజాన్ వాళ్ళ ఈబుక్ రీడర్ కిండిల్‌లో 2016లో భారతీయ భాషలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పెట్టారు. తెలుగు లేదు. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాష. అప్పుడు కదిలి ఉంటే ఈపాటికి డబ్బు పెట్టి ఈబుక్ కొనే అలవాటు ఉన్న ఒక తరం మనకీ తయారయ్యేది. ఆ ఖాళీలోకే కథల యాపులు, పీడీఎఫ్‌లు వచ్చి కూర్చున్నాయి.

డాలస్_శీను

అవునండీ, ఈ మాట నేనే రాద్దామనుకున్నా. ఇక్కడ అమెరికాలో తెలుగు పుస్తకం కావాలంటే ఇండియా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసే దిక్కు. పచ్చళ్ళా పుస్తకాలా అంటే పచ్చళ్ళే గెలుస్తాయి, మా ఆవిడ దగ్గర అప్పీలు లేదు. కిండిల్ ఉంది, తెలుగు పుస్తకాలకి పనికిరాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అందులో చదవాలంటే అక్షరం చీమంత. అందుకే ఆడియోకి మారిపోయా. ఆఫీసుకి నలభై నిమిషాల డ్రైవ్, దాసుభాషితం అనే తెలుగు ఆడియో యాప్ పెట్టుకుని వింటూ వెళ్తా. చదువుకునేటప్పుడు దాటేసే వర్ణనలు విన్నప్పుడు దాటెయ్యలేం, దాంతో నాకు మొదటిసారి వర్ణనలు నచ్చడం మొదలైంది. డబ్బులు కట్టడానికి రెడీగా ఉన్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం మాస్టారూ, తీసుకునే దారి చూపించండి.

తెల్లకర్ర

ఇందాక నుంచి వింటున్నాను. నిజంగానే వింటున్నాను, నాకు చూపు లేదు, ఫోన్‌లో స్క్రీన్ రీడర్ మీ అందరి పోస్టులూ చదివి వినిపిస్తోంది. పాఠకుడికి ఏం మారిందని అడిగితే నా లెక్క వేరు.

నా చిన్నప్పుడు ఎవరైనా చదివి వినిపిస్తేనే నవల. మా అక్క చదివేది. ముద్దు సన్నివేశాలు దాటేసేది, అది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇప్పుడు యూనికోడ్‌లో (ఏ ఫోనైనా కంప్యూటరైనా అక్షరాన్ని గుర్తుపట్టే పద్ధతిలో) ఉన్న తెలుగు ఏదైనా నా ఫోన్ చదువుతుంది, దాటెయ్యదు. కానీ పుస్తకాల షాపుల్లో ఉన్న తెలుగు పుస్తకాల్లో ఎన్నింటి ఫైళ్ళు యూనికోడ్‌లో ఉన్నాయి? 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లతో, పేజీమేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. ఆ పీడీఎఫ్ తెరిస్తే మీ కంటికి తెలుగు కనిపిస్తుంది, నా ఫోన్‌కి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. అదే చదువుతుంది, దెయ్యం పట్టినట్టు.

కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం మాలాంటి వాళ్ళ కోసం పుస్తకాల్ని చదవగలిగే రూపంలోకి మార్చుకోవచ్చు. చూపు లేనివాళ్ళకి పుస్తకాలు అందాలని దేశాలు చేసుకున్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది కూడా మనమే. చట్టం ఉంది, ఫైలే లేదు. వాణి గారూ, మీరు యాప్‌లో రాశారు అంటే మీ నవల పుట్టుకతోనే యూనికోడ్. మీ మంచం కింద ఉన్న పెట్టెలు నాకు పనికిరావు కానీ ఆ ఫైల్ పనికొస్తుంది. ఉచితంగా వద్దు, పుస్తకం వెల పంపిస్తాను.

పేజీమేకర్_బాబు

ఈయన చెప్పింది మా పాపమే, ఒప్పుకుంటున్నా. ఇరవై ఏళ్ళ ఫైళ్ళు నా దగ్గర సీడీల్లో ఉన్నాయి, సగం సీడీలు చదవడం మానేశాయి. కన్వర్టర్‌లో పెడితే యూనికోడ్ అవుతుంది కానీ వత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, పొల్లులు ఎగిరిపోతాయి. మళ్ళీ మొత్తం ప్రూఫు చూడాలి. దానికి డబ్బులెవరిస్తారు? రచయిత పోయాడు, పిల్లలు ఫోనెత్తరు. మొన్న ఒక పెద్దాయన నవల, 1998లో నేనే టైప్ చేశా, మళ్ళీ వేద్దామని వాళ్ళమ్మాయి వస్తే ఫైల్ తెరుచుకోలేదు. చివరికి పుస్తకమే స్కాన్ చేసి గూగుల్ ఓసీఆర్‌లో పెట్టాం. నేను టైప్ చేసిన పుస్తకాన్ని కంప్యూటర్ చదివి నాకే తిరిగిచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ముక్కుసూటి

ఇంకో ఐదేళ్ళకి నవల కూడా కంప్యూటరే రాస్తుంది, మీకు ఆ బాధ కూడా ఉండదు.

చిన్నక్క_కరీంనగర్

ఇప్పటికే రాస్తున్నరు అన్నా. యాప్‌ల ఒకామె రోజుకు ఐదు భాగాలు పెడ్తున్నది. ప్రతి భాగంల "ఆమె కళ్ళలో ఏదో తెలియని భావం" అనే ఉంటది. తెలియని భావం అయితే ఎందుకు రాసినవమ్మా, తెలిసినంక రాయి.

సశేషం

ఈ అమ్మాయి విమర్శలు రాయాలి.

గోదారి_వాణి

వారం తర్వాత వస్తున్నాను, క్షమించండి. బాబు గారు చెప్పినట్టు ఆదివారం పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి రాత్రి ఎనిమిది దాకా.

అయ్యా, సిగ్గేసింది. 64 భాగాల్లో 19 చోట్ల భాగం చివర హీరోయిన్ ఫోన్ మోగుతుంది. పందొమ్మిది! అందులో పదకొండు సార్లు తర్వాతి భాగంలో అది రాంగ్ నంబరో, వాళ్ళమ్మో. రోజుకో భాగం చదివేవాళ్ళకి రేపటి దాకా టెన్షన్ సరిపోతుంది, పుస్తకంలో పేజీ తిప్పగానే గాలి పోతుంది. ప్రతి భాగం మొదట్లో నిన్న ఏం జరిగిందో నాలుగు లైన్లు మళ్ళీ చెప్పాను. ఒకే రోజు చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని "గుర్తుందా, గుర్తుందా" అని గోకుతున్నట్టుంది. 40 నుంచి 52 దాకా అసలు ఏమీ జరగలేదు, అప్పుడు కామెంట్లు బాగా వస్తున్నాయని ఆపబుద్ధి కాలేదు. సశేషం గారూ, మీకు ఆరు వారాలు పెంచమని కబురు వచ్చేది, నాకు నేనే పంపుకున్నాను.

అద్దె షాపు సంగతి నాకు బాగా తగిలింది. నేను యాప్ వాళ్ళ మీద కోపం పెట్టుకున్నాను, కొనలేదని పాఠకుల మీదా పెట్టుకున్నాను. చదివినవాళ్ళు చదివినదానికి ఏ లోటూ చెయ్యలేదు. నేను వాళ్ళకి అదే సరుకు ఇంకో సంచీలో పోసి రెండోసారి అమ్మబోయాను.

మళ్ళీ రాస్తున్నాను. 64ని 30 దాకా తెస్తాను. రెండో ముద్రణ 50 కాపీలే. మంచం కింద ఉన్నవి ఎవరికైనా కావాలంటే పోస్టు ఖర్చు పెట్టుకుంటే పంపిస్తాను, ఫోన్లు లెక్కపెట్టుకోవచ్చు.

తెల్లకర్ర గారూ, ఫైల్ మీకు మెసేజ్‌లో పంపాను. డబ్బులు వద్దు.

అద్దెపుస్తకాలబ్బాయి

నాకొకటి పంపండి. మార్జిన్‌లో రాసి తిరిగి పంపుతా.

తెల్లకర్ర

పన్నెండు భాగాలు విన్నాను. కథ బాగుంది, ఆ పెద్దమ్మ పాత్ర చాలా బాగుంది. కానీ ఒక చిన్న మనవి. మీరు మాట మాటకీ చుక్కలు పెట్టారు. "నువ్వు.......... నన్ను.........." అని. నా ఫోన్ అవన్నీ చదువుతుంది. నిన్న రాత్రి హీరో ప్రేమ చెప్పే చోట "నువ్వు చుక్క చుక్క చుక్క చుక్క నన్ను చుక్క చుక్క చుక్క" అని వచ్చింది. మా ఆవిడ పక్క గదిలోంచి "ముగ్గు వేస్తున్నావా" అంది.

గోదారి_వాణి

అయ్యో రామ. బాబు గారూ, చుక్కలన్నీ ఒకేసారి తీసెయ్యడానికి వర్డ్‌లో ఏదైనా దారి ఉందా?

పేజీమేకర్_బాబు

కంట్రోల్ హెచ్ కొట్టండి. పై గడిలో రెండు చుక్కలు, కింద గడిలో ఒకటి. రీప్లేస్ ఆల్. "0 రీప్లేస్‌మెంట్స్" వచ్చేదాకా కొడుతూనే ఉండండి. ముందు ఫైల్ కాపీ ఒకటి దాచుకోండి.

గోదారి_వాణి

మొదటిసారి కొడితే 4,126 అని వచ్చింది. ఇంకా కొడుతున్నాను.